కంటి ఫొటోలో కిడ్నీ కబురు ఎంత?

ఏ ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల లిస్టు తీసినా ఒక టైటిల్ తప్పకుండా కనిపిస్తుంది: ‘రెటీనా ఫొటోల నుంచి డయాబెటిక్ రెటినోపతీ గుర్తింపు’. డేటాసెట్ ఉచితంగా దొరుకుతుంది, కోడ్ సగం ఇంటర్నెట్‌లోనే ఉంటుంది, వైవాలో చూపించడానికి మంచి బొమ్మలు వస్తాయి. ఈ మధ్య ఆ ప్రాజెక్టుకి ఒక తమ్ముడు పుట్టాడు. అదే కంటి ఫొటో చూసి, షుగర్ ఉన్న మనిషికి కిడ్నీ దెబ్బతిందో లేదో చెప్పే ప్రాజెక్టు.

ఈ రెండో టైటిల్ విన్నప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది పశ్చిమ ప్రకాశంలో చంద్రశేఖరపురం. సీఎస్ పురం అంటేనే చాలామందికి తెలుస్తుంది. భైరవకోన మా మండలంలోదే అంటే ఇంకొంతమందికి తెలుస్తుంది. మా ఊరి నుంచి ఒంగోలు పోవాలంటే వంద కిలోమీటర్లు దాటాలి. కిడ్నీ డాక్టర్‌ని కలవాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, తోడుగా ఇంకో మనిషి. అలాంటి చోట ఒక్క కెమెరాతో కన్నూ కిడ్నీ రెండూ తేలిపోతే అంతకన్నా కావాల్సింది ఏముంది?

అందుకే ఈ సెమిస్టర్‌లో దొరికినంత చదివాను. చదివిన తర్వాత నాకు అర్థమైంది ఇది: కంటి ఫొటో కిడ్నీ గురించి నిజంగానే ఒక కబురు చెబుతుంది. కానీ మనం అడగాలనుకునే ప్రశ్నకి అది జవాబు కాదు, పక్కనున్న ఇంకో ప్రశ్నకి జవాబు. ఆ తేడా తెలియకపోతే మా ఊరి లాంటి చోట మనుషులకి నష్టం జరుగుతుంది. ఆ తేడా ఏమిటో ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

రెండు అవయవాలు, ఒకే రకం గొట్టాలు

కంటికీ కిడ్నీకీ ఏం సంబంధం? బయటి నుంచి చూస్తే ఏమీ లేదు. కానీ రెండూ బతికేది వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల మీద. వీటినే కేశనాళికలు అంటాం. ఒక్కోదాని వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం దాదాపు ఆ సైజులోనే ఉంటుంది కాబట్టి ఒకదాని వెనక ఒకటి క్యూలో పోవాల్సిందే.

కిడ్నీలో ఈ నాళాలు చిన్న ఉండలా చుట్టుకుని ఉంటాయి. ఆ ఉండ పేరు గ్లోమెరులస్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల ఉండలు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది, మిగతాది తిరిగి రక్తంలోకి వెళ్తుంది. వడపోత గోడ బాగుంటే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రక్తంలోనే ఆగిపోతుంది. గోడ పాడైతే కొంచెం కొంచెంగా మూత్రంలోకి కారుతుంది.

రెటీనాలో నాళాలు పరిచిన వలలా ఉంటాయి. అక్కడ గోడ పని వేరు: రక్తంలోని నీరు, కొవ్వు పదార్థాలు రెటీనా పొరల్లోకి కారకుండా ఆపడం.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెండు చోట్లా జరిగే నష్టం ఒకే పోలికలో ఉంటుంది. రెండు చోట్లా నాళం గోడకి ఆధారంగా ఉండే పొర మందమవుతుంది. రెటీనాలో నాళాన్ని బయటి నుంచి పట్టుకుని ఉండే పెరిసైట్లు అనే కణాలు చచ్చిపోతాయి. పట్టు పోయిన చోట నాళం చిన్న బుడగలా ఉబ్బుతుంది. ఫొటోలో ఎర్రటి చుక్కలా కనిపించే మైక్రోఎన్యూరిజం అదే. కిడ్నీలో పోడోసైట్లు అనే కణాలు రాలిపోతాయి, ఉండ మధ్యలో గడ్డలు కడతాయి. ఆ గడ్డల్ని 1936లో పాల్ కిమెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ అనే ఇద్దరు వర్ణించారు, ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే పిలుస్తారు.

రెండింటికీ ఇంకో పోలిక కూడా ఉంది. మొదట్లో రెండూ నోరెత్తవు. చూపు తగ్గదు, నొప్పి రాదు, కాళ్లు వాయవు. రక్తంలో క్రియాటినిన్ అనే లెక్క పెరిగేసరికి కిడ్నీ పనితనం చాలావరకు, ఒక్కోసారి సగం దాకా, తగ్గిపోయి ఉంటుంది.

లోపలికి తొంగి చూసినవాళ్లు

కిడ్నీ నాళాన్ని చూడాలంటే సూది గుచ్చి ముక్క తీయాలి. రెటీనా నాళాన్ని చూడాలంటే కంటిపాప గుండా వెలుతురు పంపితే చాలు. శరీరంలో కోత లేకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే అరుదైన చోటు ఇది. దానికి పనికొచ్చే ఆఫ్తాల్మోస్కోప్‌ని 1851లో ప్రపంచానికి చెప్పిన హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ మనకి ఫిజిక్స్‌లో తెలిసిన పేరే.

తర్వాతి పెద్ద అడుగు వేసింది విద్యార్థులు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్ ఫ్లోరెసీన్ అనే రంగుని చేతి నరంలోకి ఎక్కించి, అది కంట్లోకి చేరి మెరుస్తున్నప్పుడు ఫొటోలు తీశారు. 1961లో ‘సర్క్యులేషన్’ పత్రికలో అచ్చయింది. నాళం ఎక్కడ కారుతోందో, ఎక్కడ మూసుకుపోయిందో ఆ రంగు చూపిస్తుంది. పని అయ్యాక ఆ రంగుని బయటికి పంపేది ఎక్కువగా కిడ్నీయే, అందుకే ఆ రోజంతా మూత్రం పసుపుపచ్చగా వస్తుంది.

1991లో ఎంఐటీ బృందం ఓసీటీ పద్ధతిని ప్రకటించింది. అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని ఇది వెలుతురుతో చేస్తుంది. దాని కొడుకే ఓసీటీ ఆంజియోగ్రఫీ. ఒకే చోట మళ్లీ మళ్లీ స్కాన్ చేసి, రెండు స్కాన్ల మధ్య ఏది మారిందో చూస్తారు. కణజాలం కదలదు, రక్తం కదులుతుంది. కాబట్టి మారిన పిక్సెల్ అంటే రక్తం పారుతున్న నాళం. మన ఇమేజ్ ప్రాసెసింగ్ ల్యాబ్‌లో రెండు ఫ్రేములు తీసివేసి కదిలే వస్తువుని పట్టుకుంటాం కదా, మూల సూత్రం అదే. రంగు ఎక్కించే పని లేదు.

కానీ ఊళ్లలో క్యాంపులకి వచ్చేది మామూలు ఫండస్ కెమెరా. అది ఎంత చూడగలదో ఒక లెక్క వేద్దాం. 45 డిగ్రీల ఫొటో రెటీనా మీద సుమారు 13 మిల్లీమీటర్ల వెడల్పుని పట్టుకుంటుంది. ఆ వెడల్పులో 2000 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్ 6.5 మైక్రాన్లు. పెద్ద నాళం 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి 15 నుంచి 23 పిక్సెళ్లు, హాయిగా కనిపిస్తుంది. కేశనాళిక ఒక్క పిక్సెల్, అంటే దాదాపు కనిపించనట్టే. మైక్రోఎన్యూరిజం సాధారణంగా 100 మైక్రాన్ల లోపు, పదిహేను పిక్సెళ్ల లోపు చుక్క.

ఇప్పుడు మనం చేసే పని చూడండి. రెడీమేడ్ మోడల్‌కి సరిపోవాలని ఫొటోని 224 పిక్సెళ్లకి కుదిస్తాం. అప్పుడు ఒక పిక్సెల్ 58 మైక్రాన్లు. జబ్బు మొదటి గుర్తు ఒకటి రెండు పిక్సెళ్లలో కలిసిపోతుంది. గూగుల్ పరిశోధకులు కూడా 2016లో 299 పిక్సెళ్లతో మొదలుపెట్టి, 2018 నాటి పనిలో 779కి పెంచారు.

కంప్యూటర్‌కి కనిపించింది ఏమిటి?

2016లో గూగుల్ బృందం ‘జామా’ పత్రికలో ప్రచురించిన పని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1,28,175 రెటీనా ఫొటోలతో నేర్పించిన మోడల్ డయాబెటిక్ రెటినోపతీని కంటి డాక్టర్లతో సమానంగా గుర్తించింది. ఆ ఫొటోల్లో మన దేశానివీ ఉన్నాయి. అరవింద్ ఐ హాస్పిటల్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఇచ్చినవి. అక్కడ ప్రశ్న సూటిగా ఉంది: ఫొటోలో చుక్కలు, రక్తపు మరకలు ఉన్నాయా లేవా? డాక్టర్ కూడా అదే ఫొటోలో అదే చూస్తాడు.

2018లో కథ మలుపు తిరిగింది. అదే సంస్థ వాళ్లు 2,84,335 మంది ఫొటోలతో నేర్పించిన మోడల్ మనిషి వయసుని సగటున మూడేళ్లకి అటూ ఇటూ తేడాతో చెప్పేసింది. ఆడా మగా అన్నది కూడా దాదాపు తప్పు లేకుండా చెప్పింది. ఇది ఏ కంటి డాక్టరూ ఫొటో చూసి చెప్పలేని సంగతి. అందరం ఆశ్చర్యపోయాం. ఈ ఆశ్చర్యాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఇదే చిక్కు తెస్తుంది.

2020లో సింగపూర్ కంటి పరిశోధనా సంస్థకి చెందిన చారుమతి సబనాయగం బృందం ‘లాన్సెట్ డిజిటల్ హెల్త్’లో ఒక పేపర్ వేసింది. రెటీనా ఫొటో ఇచ్చి, ఈ మనిషికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందా అని అడిగారు. వాళ్ల సొంత జనాభాలో పరీక్షిస్తే మోడల్‌కి ఏయూసీ 0.911 వచ్చింది.

ఏయూసీ తెలియని జూనియర్ల కోసం ఒక మాట. జబ్బు ఉన్నవాళ్లలోంచి ఒకర్ని, లేనివాళ్లలోంచి ఒకర్ని గుడ్డిగా తీయండి. జబ్బు ఉన్నవాళ్లకే మోడల్ ఎక్కువ స్కోరు ఇచ్చే అవకాశం ఎంతో, అదే ఏయూసీ. 1 అంటే ఎప్పుడూ తప్పదు. 0.5 అంటే బొమ్మా బొరుసా. కాబట్టి 0.911 చాలా మంచి మార్కే.

మార్కులు ఎక్కడ తగ్గాయి?

చాలామంది ఆ 0.911 దగ్గరే చదవడం ఆపేస్తారు. అసలు పాఠం ఆ పేపర్‌లోనే ఆ తర్వాత ఉంది.

మొదటి సంగతి. అదే మోడల్‌ని సింగపూర్‌లోనే ఇంకో జనాభా మీద పరీక్షిస్తే 0.733కి పడిపోయింది. బీజింగ్ జనాభా మీద 0.835. ఊరు మారితే, మనుషులు మారితే మోడల్ పట్టు సడలింది. మరి సీఎస్ పురం వస్తే?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ పరిశోధకులు నిజాయితీగా ఒక పోటీ పెట్టారు. ఒకవైపు కంటి ఫొటో చూసే డీప్ లెర్నింగ్ మోడల్. ఇంకోవైపు ఫొటో అసలే చూడకుండా వయసు, ఆడా మగా, ఏ జాతి, షుగర్ ఉందా, బీపీ ఉందా అన్న ప్రశ్నలతో వేసిన మామూలు లెక్క. సొంత జనాభాలో ఈ మామూలు లెక్కకి 0.916, అంటే ఫొటోకి సమానం. బయటి జనాభాల్లో 0.829, 0.887. రెండు చోట్లా ఫొటో కంటే ఎక్కువే.

ఇప్పుడు 2018 నాటి ఆశ్చర్యం దగ్గరికి రండి. మోడల్ ఫొటోలోంచి వయసు చదవగలదు. కిడ్నీ జబ్బు వయసుతో పెరుగుతుంది. మరి కిడ్నీ మోడల్ చూస్తున్నది కిడ్నీ తాలూకు నష్టాన్నా, లేక ‘ఈయన పెద్దాయన, కాబట్టి ఉండొచ్చు’ అంటోందా? వయసు తెలుసుకోవడానికైతే లక్షల రూపాయల కెమెరా అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు.

మూడో సంగతి మన ప్రాబబిలిటీ క్లాసుది. ఇది కేవలం ఊహ లెక్క. ఒక క్యాంపుకి షుగర్ ఉన్నవాళ్లు 1000 మంది వచ్చారు, వాళ్లలో 200 మందికి కిడ్నీ దెబ్బతిని ఉందనుకుందాం. మోడల్ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి 20 మందిని అనవసరంగా భయపెడుతుంది. అప్పుడు సరిగ్గా పట్టుకున్నది 160 మందిని. అనవసరంగా భయపెట్టింది కూడా 160 మందినే. అంటే ‘మీకు ఉంది’ అనిపించుకున్న ఇద్దరిలో ఒకరు ఊరికే ఒంగోలు పోయి వస్తారు. ఇంకా బాధ ఏంటంటే, నిజంగా జబ్బున్న 40 మంది ‘కన్ను బాగుంది, కిడ్నీ కూడా బాగుంది’ అనే చీటీతో ధైర్యంగా ఇంటికి వెళ్తారు.

మా వైపు లెక్క వేరు

ఆ 40 మందే నాకు ముఖ్యం. ఎందుకంటే మా ప్రాంతంలో కిడ్నీ పాడవడానికి షుగర్ ఒక్కటే కారణం కాదు.

కనిగిరి, పామూరు, మా మండలం వైపు బోరు నీళ్ల సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఫ్లోరైడ్ మాకు కొత్త మాట కాదు. దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలినాటి వైద్య నివేదిక 1937లో వచ్చింది. షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి ప్రాంతాలు ఆ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం.

ఇక్కడ ఒక గొలుసు ఉంది. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌ని బయటికి పంపేది ముఖ్యంగా కిడ్నీ. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ ఒంట్లో మరింత నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే కీళ్లు, నడుము నొప్పులు. నొప్పి వస్తే దుకాణంలో నొప్పి బిళ్ల. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు రోజూ మింగితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది, అప్పటికే బలహీనంగా ఉన్న కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. దీనికి తోడు మెట్ట పొలాల ఎండలో నీళ్లు చాలకుండా పని, మూత్రంలో రాళ్లు. ఈ కారణాల్లో ఏదీ రెటీనాలో ఎర్ర చుక్కలు పెట్టదు.

రాష్ట్రానికి ఆ చివర శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. అక్కడ వేలమందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు చాలామందిలో షుగర్ వల్లా బీపీ వల్లా వచ్చింది కాదు. దాని అసలు కారణం మీద ఏళ్లుగా పరిశోధన నడుస్తూనే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆ రకం జబ్బు ఎక్కువగా గ్లోమెరులస్‌ని కాకుండా దాని పక్కనున్న సన్నని గొట్టాల్ని తింటుంది. మూత్రంలో ప్రోటీన్ కూడా మొదట్లో పెద్దగా పోదు. అక్కడ కంటి ఫొటో తీసి ‘బాగుంది’ అంటే దాని విలువ ఎంత?

మరి కంటి ఫొటో దండగేనా? లేదు. మా పెదనాయన సంగతి చెబితే దాని అసలు ఉపయోగం తెలుస్తుంది. ఆయనకి షుగర్ వచ్చి పన్నెండేళ్లు. పోయిన వేసవిలో క్రియాటినిన్ ఎక్కువ వస్తే ఒంగోలు తీసుకెళ్లాం. కిడ్నీ డాక్టర్ మిగతా పరీక్షలతో పాటు రెటీనా ఫొటో తీయించుకు రమ్మని రాశాడు. పెదనాయన బయటికొచ్చి, “ఏందిరా, కిడ్నీ చూడమంటే కంటి డాక్టర్ కాడికి పొమ్మంటాడు?” అన్నాడు. ఫొటోలో షుగర్ గుర్తులు ఒక్కటి కూడా లేవు. మూత్రంలో ఆల్బుమిన్ కూడా దాదాపు లేదు. అప్పుడు డాక్టర్ “పెద్దాయనా, మోకాళ్ల నొప్పులకి ఏం వాడతన్నావు?” అని అడిగాడు. నాలుగేళ్లుగా రోజుకి రెండు నొప్పి బిళ్లలు. ముందు అవి మానిపించి, స్కాన్ చేయించి, వైద్యం వేరే దారిలో మొదలుపెట్టాడు. కన్ను చూడకుండా ‘షుగర్ కిడ్నీ’ అని ముద్ర వేసి ఉంటే ఆ ప్రశ్న అడగడం ఇంకా ఆలస్యం అయ్యేది.

డాక్టర్లు ఈ ఆధారాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. అయితే ఇది కూడా తిరుగులేని సాక్ష్యం కాదు. 2013లో ‘డయాబెటాలజియా’ పత్రికలో చాలా అధ్యయనాల్ని, 2,012 మందిని కలిపి లెక్కేశారు. అందరూ టైప్ 2 షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉండి, కిడ్నీ ముక్క తీసి పరీక్ష చేయించుకున్నవాళ్లు. నిజంగా షుగర్ వల్లే కిడ్నీ చెడినవాళ్లలో నూటికి 65 మందికి కంట్లో రెటినోపతీ ఉంది, 35 మందికి లేదు. వేరే కారణంతో కిడ్నీ చెడినవాళ్లలో నూటికి 75 మందికి కన్ను శుభ్రంగా ఉంది.

అన్నీ కలిపి నాలుగు గళ్లలో పెట్టుకుంటే ఇలా ఉంటుంది:

- కన్ను బాగుంది, మూత్రం, రక్తం లెక్కలూ బాగున్నాయి: ఏడాది తర్వాత మళ్లీ రెండూ చూపించుకోవాలి.
- కన్ను దెబ్బతింది, కిడ్నీ లెక్కలు బాగున్నాయి: షుగర్ చిన్న నాళాల్ని తాకిందని అర్థం. కంటి వైద్యంతో పాటు కిడ్నీ మీద కూడా కన్నేసి ఉంచాలి.
- రెండూ దెబ్బతిన్నాయి: షుగరే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.
- కన్ను బాగుంది, కిడ్నీ లెక్కలు బాగోలేదు: షుగర్ కావచ్చు, కానీ వేరే కారణం కోసం తప్పకుండా వెతకాలి.

చూశారా, ‘కిడ్నీ పనిచేస్తోందా?’ అన్న ప్రశ్నకి జవాబు మూత్రం, రక్తం పరీక్షల్లో ఉంది. ‘షుగర్ చిన్న నాళాల్ని ఎంత తాకింది?’ అన్న ప్రశ్నకి జవాబు కంటి ఫొటోలో ఉంది. రెండు జవాబులూ పక్కపక్కన పెడితేనే డాక్టర్‌కి దారి దొరుకుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే నాలుగో గడిలో ఉన్న మనిషి జారిపోతాడు. మా వైపు ఆ గడి ఖాళీగా ఉండదు.

ప్రాజెక్టు చేయబోయేవాళ్లకి

ఈ టాపిక్ వదిలేయమని నేను అనను. చేస్తే ఇలా చేద్దాం అంటాను.

డేటా ముందు చూడండి. మనందరం దించుకునే సెట్లలో నాందేడ్ నుంచి వచ్చిన ఐడ్రిడ్‌లో 516 ఫొటోలున్నాయి. అరవింద్ వాళ్ల ఆప్టోస్ 2019 సెట్‌లో ట్రైనింగ్‌కి 3,662 ఉన్నాయి. రెండూ మన దేశపు కళ్లే, రెటినోపతీ ప్రాజెక్టుకి మంచివే. కానీ వాటిలో క్రియాటినిన్ లేదు, ఆల్బుమిన్ లేదు. కిడ్నీ లేబుల్ లేని డేటాతో కిడ్నీ మోడల్ చేశామని టైటిల్ పెట్టకూడదు.

ఒకే మనిషి కుడి కన్ను ట్రైనింగ్‌లో, ఎడమ కన్ను టెస్టింగ్‌లో పడనివ్వకండి. రెండు కళ్లూ కవలల్లా ఉంటాయి, మార్కులు ఉత్తినే పెరుగుతాయి. ఫొటోల్ని కాకుండా మనుషుల్ని విడదీయండి.

ఫొటో మోడల్ పక్కన వయసు, బీపీ, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది అన్న మూడు అంకెలతో ఒక లాజిస్టిక్ రిగ్రెషన్ పెట్టండి. ఫొటో దాన్ని దాటకపోతే ఆ మాటే రిపోర్టులో రాయండి. ఓడిపోయిన ఫలితం కూడా ఫలితమే. సింగపూర్ వాళ్లు రాశారు కాబట్టే కదా మనకి తెలిసింది.

చివరిగా, మోడల్ చెప్పే మాటని సరిగ్గా పెట్టండి. ‘కిడ్నీ బాగుంది’ అని స్క్రీన్ మీద ఎప్పుడూ రాకూడదు. ‘మూత్రం, రక్తం పరీక్ష చేయించుకోండి’ అని మాత్రమే రావాలి. అది ఇంటర్‌ఫేస్‌లో ఒక్క లైను మార్పు. కానీ పైన లెక్కలో వచ్చిన ఆ 40 మంది ఆ లైను మీదే ఆధారపడి ఉంటారు.

సెలవులకి ఇంటికి వెళ్తే

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పింది. అంటే మన క్లాసులో చాలామంది ఇళ్లలో కనీసం ఒకరుంటారు. అమ్మో, నాన్నో, జేజో. వాళ్ల ఫైలు తీసి మూడు కాగితాలు ఉన్నాయో లేదో చూడండి.

ఒకటి, మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. రిపోర్టులో ఏసీఆర్ అని ఉంటుంది. 30 కంటే తక్కువ ఉంటే మామూలు. 30 నుంచి 300 దాకా లీకు మొదలైనట్టు. అంతకు మించితే ఎక్కువ. ఒక్కసారి ఎక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, మళ్లీ చేయించి ఖాయం చేసుకుంటారు. మూత్రంలో కాగితం ముంచి రంగు చూసే మామూలు పరీక్ష తొలి లీకుని చాలాసార్లు పట్టుకోలేదు, అందుకే ఏసీఆర్ అని అడగాలి.

రెండు, రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి లెక్కేసిన ఈజీఎఫ్ఆర్. మూడు నెలలకి పైగా 60 కంటే తక్కువే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందకి వస్తుంది.

మూడు, రెటీనా ఫొటో లేదా కంటి డాక్టర్ పాపలో చుక్కలు వేసి చూసిన రిపోర్టు. కళ్లజోడు పవర్ చూసిన చీటీ దీని కిందకి రాదు.

టైప్ 2 షుగర్ అయితే జబ్బు తెలిసిన రోజు నుంచే ఈ మూడూ ఏడాదికోసారి చేయించాలి. టైప్ 1 అయితే ఐదేళ్లు నిండాక మొదలుపెడతారు. తొందరగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. షుగర్, బీపీ అదుపు, కిడ్నీని కాపాడే బీపీ మందులు, ఈ మధ్య కాలంలో వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 రకం మాత్రలు, కంటికి లేజర్, ఇంజెక్షన్లు. ఏది ఎవరికి అన్నది డాక్టర్ చెప్పాలి, మనం కాదు.

కాగితాలు చూశాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే బిళ్ల ఏదైనా రోజూ మింగుతున్నారా? ఈ ప్రశ్నకి జవాబు ఏ కెమెరాలోనూ కనిపించదు. ఇంట్లో మనిషి పక్కన కూర్చుని అడిగితేనే చెబుతారు.